హంతకుడిది ఏ జిల్లా

ఉద్యోగంలో నా చివరి ఏడాది చాలావరకు హత్యలకు మాటలు రాయడంతో గడిచింది. చంపినవాళ్ళు ఇటలీవాళ్ళు, చచ్చినవాళ్ళూ ఇటలీవాళ్ళే. నేను మస్కట్‌లో, రువీ బజారులో ఒక టైలర్ షాపు పైనున్న ఆఫీసులో ఏసీ కింద కూర్చుని, చంపేవాడు చివరగా ఏమన్నాడో తెలుగులో రాసేవాణ్ణి. డబ్బింగ్ రాయాలని ఉంది, సలహా చెప్పండి అని కుర్రవాళ్ళు అప్పుడప్పుడు ఫోన్ చేస్తుంటారు. సలహాలిచ్చేంత సరుకు నా దగ్గర లేదు. ఆ సీరియల్‌తో మేం పడ్డ పాట్లు చెబుతాను. అందులో మీకు పనికొచ్చేది ఉంటే ఏరుకోండి.

నాది తెనాలి వైపు. పని నేర్చుకున్నది దినపత్రికలో. ఏళ్ళ తరబడి జిల్లా పేజీల్లో నేరవార్తలు దిద్దాను. పత్రిక నుంచి బయటపడ్డాక, ఒక పాత స్నేహితుడు మస్కట్‌లో ఈ పని ఉందని చెబితే వచ్చాను. పరాయి దేశాల సీరియళ్ళకు మలయాళం, తమిళం, హిందీ, తెలుగు మాటలు రాసి పంపే ఆఫీసు అది. యజమాని ఒమానీ పెద్దమనిషి. అందరం అర్బాబ్ అనేవాళ్ళం. ఆయన అసలు వ్యాపారం ఇళ్ళు కట్టడం, ఈ ఆఫీసు ఆయన సరదా. రోజూ మమ్మల్ని నడిపించేది కొట్టాయం నుంచి వచ్చిన మేనేజర్.

తెలుగు విభాగమంటే ఇద్దరమే. నేను రాసేవాణ్ణి. కడప నుంచి వచ్చిన ఒకమ్మాయి నా మాటను తెరమీది పెదవికి అతికించేది. ఇటలీవాడు నోరు మూసినా నా వాక్యం ఇంకా నడుస్తుంటే కత్తిరించేది. వాడి నోరు ఇంకా ఆడుతుంటే, "ఇంకో రెండక్షరాలు పడేయండి సార్" అని అడిగేది. ఆమె భర్త పనిచేసే కంపెనీ మూతపడింది. ఆయన వేరే పని వెతుక్కుంటున్నాడు. పిల్లలిద్దరూ ఇండియన్ స్కూల్లో చదువుతున్నారు. అప్పటికి ఆ నలుగురూ ఒమన్‌లో ఉంటున్నది ఈ అమ్మాయి వీసా మీదే.

ఇటలీ సీరియల్ మా దగ్గరికి వచ్చేనాటికి తెలుగుకు పని బాగా తగ్గిపోయింది. మేనేజర్ మొహమాటపడకుండా చెప్పేశాడు: "సార్, యే పాస్ హోగయా తో తెలుగు రహేగా. నహీ తో బంద్." తెలుగు మూతపడినా నాకు బెంగ లేదు. ఏడాది చివర ఎలాగూ మూటాముల్లె సర్దుకునేవాణ్ణే. ఆ అమ్మాయి మాత్రం ఆ సాయంత్రం కంప్యూటర్ కట్టేసి కూడా చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. "స్కూల్లో టీసీ అడగాలంటే ముందుగా చెప్పాలంట సార్," అంది, నన్ను చూడకుండా.

కథ ఒక ఓడరేవు ఊళ్ళో జరుగుతుంది. మత్తుమందు వ్యాపారం కోసం రెండు కుటుంబాలు ఒకదాన్నొకటి తుడిచిపెట్టుకుంటాయి. అయితే తుపాకులు పేలేది తక్కువ. ఎక్కువసేపు వంటిళ్ళలో, రొట్టెల కొట్టులో, చర్చి మెట్లమీద మాట్లాడుకుంటూ ఉంటారు. సాయంత్రం చంపబోయేవాణ్ణి పొద్దున "మీ అమ్మకు మోకాళ్ళ నొప్పి తగ్గిందా" అని అడుగుతారు. అదే వచ్చిన చిక్కు. తిట్లు రాయడం తేలిక. ఈ పరామర్శ రాయడమే కష్టం.

మొదటి ఎపిసోడ్ రాసి ఇచ్చాను. ఆ అమ్మాయి చదువుతూ పెదవి కొరుక్కుంది.

"నవ్వితే ఏమనుకోరు కదా సార్?"

"నవ్వమ్మా."

"ఈ మనిషి తుపాకీ ఎత్తిపట్టుకోని, 'నీ కదలికలపై మాకు విశ్వసనీయ సమాచారం ఉంది' అంటా ఉండాడు. కాల్చేదానికొచ్చినాడా, ప్రెస్ మీట్ పెట్టేదానికొచ్చినాడా?"

పత్రిక నన్ను వదలలేదన్నమాట. నా హంతకులు పరారీలో ఉన్నారు, పాత కక్షలు మనసులో పెట్టుకున్నారు, ఘటనా స్థలానికి చేరుకున్నారు. ఒక్కడూ మనిషిలా మాట్లాడలేదు. మొహమాటంతో అక్కడక్కడ దిద్ది పంపాం. సీరియల్ కొన్న సంస్థ తరఫున దాని తెలుగు సంగతులు చూసే ఒక తెలుగావిడ ముంబైలో ఉండేవారు. మూడోనాటికి తిరుగుటపాలో వచ్చింది. మూలంలో జనం ఆ ఊరి యాసలోనే మాట్లాడతారని, అది ఇటలీలో మిగతా ఊళ్ళవాళ్ళకే అర్థంకాక కింద అక్షరాలు చదువుకుంటారని, మీ మనుషులకు మాత్రం ఊరే లేదని రాశారావిడ. ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. అదే ఆఖరు.

ఊరు కావాలి. ఏ ఊరు? మేనేజర్‌కు తెలుగు సినిమాలు బాగా అలవాటు. చిటికెలో తేల్చేశాడు. "సీమ డాలో సార్! బాంబ్, సుమో, తొడ! సూపర్ హిట్!"

ఆ అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి బల్లమీద పెట్టింది. మేనేజర్‌ను వదిలేసి నావైపు తిరిగింది.

"ఏం సార్, నరికేదంటే మా జిల్లానే గుర్తొస్తాదా అందరికీ? మా నాయన బడిపంతులు. మా ఇంట్లో కత్తి అంటే కూరగాయలు తరుక్కునేదే. ఇక్కడ ఎవురన్నా యా ఊరు అనడిగితే చెప్పేదానికి భయం. చెప్తే చాలు, 'మీ వాళ్ళకి గొడవలు ఉన్నాయా' అంటారు. ఉండాయి, మా అత్తతో."

అందరం నవ్వాం. సీమ పక్కకు పోయింది. కృష్ణా, గుంటూరు అందామా అంటే, అది సినిమాల్లో హీరోలకు, పత్రికలకు రిజర్వు చేసినట్టుంది; హంతకుడు మాట్లాడితే మంచివాడేమో అనిపిస్తుంది. చివరికి ముఠా మనుషులకు తెలంగాణ యాస పెట్టాను. పోలీసు, పాదరీ, కథానాయిక, రొట్టెల కొట్టు యజమాని పుస్తకాల తెలుగులోనే ఉండిపోయారు. ఎప్పుడూ చేసేది అదే కాబట్టి చెయ్యి దానంతటదే అటు పోయింది. ఆ రోజు ఆ అమ్మాయి ఇంకేం అనలేదు. చిక్కు తీరిందనుకున్నాను.

హైదరాబాద్‌లో అసలు కళాకారులు గొంతు ఇచ్చేముందు, మాట తెరమీద కుదిరిందో లేదో చూడటానికి మేమే చదివి ఒక నమూనా పంపేవాళ్ళం. మగగొంతులకు అర్బాబ్ కంపెనీలోనే ఒక మేస్త్రి ఉండేవాడు. జగిత్యాల వైపు మనిషి. అర్బాబ్ అనుమతితో శుక్రవారాలు వచ్చేవాడు. ఊళ్ళో చిరుతల రామాయణంలో రావణుడి వేషం కట్టేవాడట. పద్యం ఎత్తుకుంటే కింద టైలర్ మిషన్ ఆపి వినేవాడు. కొత్త యాసలో రాసిన కాగితాలు మేస్త్రికి ముందే పంపాను, చూసుకుంటాడని.

శుక్రవారం మేస్త్రి రాలేదు. ఫోన్ చేస్తే, "నాతోటి కాదు సారు, మీ కాయితాలు మీరు కొంటవోన్రి," అన్నాడు. ఏమైందంటే చెప్పలేదు. నేనే బయల్దేరి, కొండ దాటి అమెరాత్‌లో వాళ్ళ క్యాంపుకు వెళ్ళాను.

అసలు సంగతి అక్కడ తెలిసింది. వేషం కట్టినవాడు కదా, మేస్త్రి నోట్లో గొణుక్కోడు. మేడమీద నిలబడి, చేతులూపుతూ, రావణుడి గొంతుతో సాధన చేశాడు. 'మాల్ రేపు దిగుతది, పౌడర్ల సున్నం కలిపినోడు ఎవడు' అని గర్జిస్తుంటే కింద క్యాంప్ బాస్ విన్నాడు. ఆయనది బీహార్. తెలుగు రాకపోయినా మాల్, పౌడర్ తెలుస్తాయి. ఒమన్‌లో ఆ రెండు మాటలు కలిపి వింటే ఎవరికైనా గుండె ఆగుతుంది. ఊరి నుంచి వచ్చేవాడి చేత దగ్గుమందు తెప్పించుకోవడానికే అక్కడ జనం వెనకాముందు ఆలోచిస్తారు. క్యాంప్ బాస్ పైకొచ్చి మేస్త్రి పెట్టె విప్పించాడు. అందులో ఉన్నది బట్టలు, ఒక కొబ్బరినూనె సీసా, నా కాగితాలు.

నేను క్యాంప్ బాస్‌ను కూర్చోబెట్టి, ఫోన్‌లో ఆ సీన్ చూపించి, కాగితంలో మాట ఇదీ, తెరమీద మాట ఇదీ అని వివరించాను. ఆయన ఎపిసోడ్ మొత్తం చూశాడు. అయిపోయాక మేస్త్రి భుజంమీద చెయ్యి వేసి క్షమాపణ చెప్పుకున్నాడు. తర్వాత నావైపు తిరిగి, "ఆగే క్యా హోతా హై సాబ్? బుడ్ఢీ మర్‌తీ హై క్యా?" అన్నాడు. ముఠా పెద్ద ముసలితల్లి చచ్చిపోతుందేమోనని ఆయన బెంగ.

మేస్త్రి మాత్రం మెత్తబడలేదు.

"పెట్టె ఇప్పిందానికి కాదు సారు. రావణుడంటే సై. రావణుడు సీతమ్మను ఎత్కపోయినా, పద్యం అందుకుంటె ఊరంత నిలవడి ఇంటది. గీనికి ఏమున్నది? తిట్టుడు, పౌడర్ అమ్ముడు. మొన్నటి సీరియల్ల దొంగ. అంతకు ముందుగాల తాగుబోతు. నా బిడ్డె పదోది సదువుతున్నది. నాయినా, నువ్వు సదివింది పంపరాదే అంటది. ఏం పంపాలె నేను?"

అన్నం వేళయింది. తినిపొమ్మని పట్టుబట్టారు. పీట వేసి, కంచంలో పప్పుచారు, కోడికూర పెట్టారు. ఆ రూమ్‌లో పదిమంది దాకా ఉన్నారు. ఒకాయన ఫోన్‌లో చెల్లెలి సంబంధం మాట్లాడుతున్నాడు, ఎంత మర్యాదగా అంటే అవతలి పెద్దమనిషి కనపడుతున్నట్టు కాస్త వంగి నిలబడ్డాడు. ఇంకొకాయన వేములవాడ రాజన్న పటం ముందు అగరుబత్తి వెలిగించి తనలో తను ఏదో చెప్పుకుంటున్నాడు. కూర వంతు దగ్గర ఇద్దరికి మాటామాటా వచ్చింది. అందరిలోకి పెద్దాయన కసిరాడు: "ఏందిరా, పిల్లలోలె? సారు సూస్తున్నడు, ఇజ్జత్ తీయకున్రి." వాళ్ళ మధ్య శ్రీకాకుళం ఎలక్ట్రీషియన్ ఒకడున్నాడు. "మీరు కూడా వీళ్ళలాగే మాట్లాడుతున్నారే" అంటే, "నన్ను ఖరాబ్ చేసిన్రు సార్," అని, వెంటనే, "సూసినారా, నోట్లోంచి అదే వచ్చేత్తంది," అని నెత్తి కొట్టుకున్నాడు.

తింటుంటే మేస్త్రి అడిగాడు, "ఇంతకు కథేంది సారు?" అని. ముఠా సంగతులు చెప్పాను. అందరూ విన్నారు గానీ ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత రొట్టెల కొట్టాయన సంగతి చెప్పాను. ఆయన కొడుకు ముఠాలో చేరి, ఏదో తప్పు చేశాడని సొంతవాళ్ళ చేతిలోనే పోతాడు. శవం కూడా ఇవ్వరు. రోజూ తన దగ్గర రొట్టె కొనే ముఠా పెద్ద ఇంటికి ఆ తండ్రి ఒక్కడే నడిచి వెళ్ళి, నాకు ఎవరిమీదా కోపం లేదు, వాణ్ణి ఎక్కడ పడేశారో చెప్పండి, తీసుకుపోతాను అంటాడు.

మేస్త్రి కంచంలో చెయ్యి అలాగే ఉంచి అడిగాడు.

"గా రొట్టెలాయన కూడ మా తీర్గనే మాట్లాడ్తడా?"

నేను రాసిందాంట్లో ఆయన నా తీరున మాట్లాడతాడు. బుద్ధిగా, పత్రిక ఎడిట్ పేజీలా. కానీ నోరు ముందే అనేసింది.

"మాట్లాడతాడు."

"పోలీసాయన?"

"ఆయనా అంతే."

"పోరి?" అన్నారు మూలనుంచి ఎవరో.

"ఆ అమ్మాయి కూడా. చర్చిలో పాదరీ కూడా. వాళ్ళందరిదీ ఒకటే ఊరు కదా."

పెద్దాయన పకపకా నవ్వాడు. "గట్లయితె గది మా జగిత్యాలనే! సముద్రమొక్కటి ఎక్వ!"

మేస్త్రి నవ్వలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి, "రొట్టెలాయనను నాకియ్యున్రి సారు. గా సంపేటోన్ని కూడ నేనే సదువుత," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు టాక్సీలో నాకు నా పొరపాటు తేటగా కనిపించింది. ఒక యాసను కొందరి నోట్లోనే పెట్టి, మిగతా ఊరంతటికీ ఇంకో భాష ఇస్తే, ఊరు రెండుగా చీలుతుంది. అప్పుడది వేరే దేశంనుంచి వచ్చిన దొంగల కథ అవుతుంది. ఆ ఇటలీ సీరియల్ భయపెట్టేది సరిగ్గా దానికి విరుద్ధంగా: చంపేవాడు, ఏడ్చేవాడు, పట్టుకునేవాడు, పెళ్ళికి పిలిచేవాడు అందరూ ఒకే మాట మాట్లాడతారు.

మళ్ళీ మొదటినుంచి రాశాను. రాసిన ప్రతి పేజీ మేస్త్రి రూమ్‌లో చదివి వినిపించేవాణ్ణి. వాళ్ళకు నచ్చనివి వాళ్ళే చెప్పేవారు, నచ్చినవాటికి నవ్వేవారు. ఆఫీసులో ఆడగొంతులు ఆ కడప అమ్మాయే చదవాలి. ముఠా పెద్ద తల్లి వేషం ఆమెకు పడింది. ముసలమ్మ శాంతంగా ఉన్నంతసేపు బాగానే వచ్చేది.

"చెల్లె, ముసలమ్మకు కోపం అచ్చింది సరే. గని గంత దూరం కడప దాక ఎందుకు పోయింది?" అనేవాడు మేస్త్రి.

"కోపమొస్తే అంతే అన్నా. బస్సు అదే ఎక్కుతాను," అనేది.

రొట్టెలాయన సీన్ మేస్త్రి ఒక్కసారే చదివాడు. "నాకు ఎవ్వలి మీద కోపం లేదు. నా కొడుకు ఏడున్నడో సెప్పున్రి," అన్నాడు. అని ఆగిపోయాడు. మాట మరిచాడేమో అనుకుని నేను కాగితం చూపించబోయాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టి ఆపింది. చాలాసేపటికి మేస్త్రి, "తీస్కపోత," అన్నాడు. ఇటలీ నటుడు అంతసేపు ఆగడు. లెక్కప్రకారం మళ్ళీ చదివించాలి. "వద్దు సార్. ఇక్కడ కెమెరా వీపు మీదికి పోతాది. పెదవి కనపడదు. నేను సర్దుతాను," అందా అమ్మాయి. సర్దింది.

పంపాల్సిన రోజు మేనేజర్ మొత్తం విన్నాడు. మొహం వాడిపోయింది.

"హీరోయిన్ భీ? ఫాదర్ భీ? సార్, పబ్లిక్ హసేగా. కామెడీ సమఝేగా. పోలీస్, ఫాదర్, లడ్కీ, తీనోం కో నార్మల్ కరో. శామ్ తక్ టైమ్ హై."

జనం నవ్వుతారన్న ఆయన భయం తప్పు కాదు. ఆ ముగ్గురికీ మామూలు తెలుగు పెట్టమని, ఏళ్ళుగా అందరూ చేస్తున్నదే ఆయన అడిగాడు. సాయంత్రంలోగా మార్చడం కుదరని పనీ కాదు. పాత కాగితాలు ఉన్నాయి. నాకు మార్చాలని లేదు. అయితే మార్చకపోతే పోయేది నా ఉద్యోగం కాదు. అందుకే ఆ అమ్మాయి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను.

"ఈ మాట నేను చెప్పకూడదమ్మా. నేను ఎలాగూ పోయేవాణ్ణి. పిల్లల చదువు నీది, వీసా నీది. ఆయనన్నట్టు మార్చమంటే ఇప్పుడే కూర్చుని మారుస్తాను. నిన్నొక్క మాట అనను."

ఆమె తెరమీద ఆగిన బొమ్మను చూస్తూనే అంది.

"ఆ పొద్దు మా జిల్లా వద్దని నేను కొట్లాడినా. మీరు తీసి అన్న నెత్తిన పెట్టినారు. నాకు తెలిసింది సార్. తెలిసి కూడా ఊరకుండినా, నాది కాదులే అని. ఇప్పుడు మళ్ళా పోలీసుకొక మాట, అన్నకొక మాట అంటే నావల్ల కాదు." మౌస్ మీద చెయ్యి వేసింది. "మా ఆయనకు ఏం చెప్పాలో నేను చూసుకుంటాను."

పంపేసింది. మేనేజర్ తల పట్టుకున్నాడు గానీ, ఆపలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముంబై ఆవిడ కంప్యూటర్ తెరమీదికి వచ్చారు. మా ముగ్గురినీ కూర్చోబెట్టి మా నమూనా మాకే వినిపించారు. ఆవిడ మొహంలో ఏమీ తెలియలేదు. పోలీసు వచ్చాడు, పాదరీ వచ్చాడు, ఆవిడ నవ్వలేదు. నాకు అదే మొదటి ధైర్యం. రొట్టెలాయన సీన్ అయ్యాక ఆపారు. వెనక్కి తిప్పి ఆ సీన్ ఒక్కటే మళ్ళీ విన్నారు.

"ఇది చదివిందెవరండీ?"

"మా కంపెనీ మేస్త్రి."

"హైదరాబాద్‌లో చెప్పే ఆర్టిస్టుకు ముందు ఇది వినిపిస్తాం," అన్నారావిడ. "మిగతా ఎపిసోడ్లు కూడా ఇలాగే రాయండి. ఊరు కనపడుతోంది."

తెర ఆరిపోగానే మేనేజర్ అరబ్బీలో దేవుడికి, మలయాళంలో వాళ్ళ చర్చికి కృతజ్ఞతలు చెప్పి, అందరికీ షవర్మాలు చెప్పడానికి కిందికి పరిగెత్తాడు. ఆ అమ్మాయి ఫోన్ తీసింది. "యాడుండావు? స్కూల్ కాడికి పోవద్దు. టీసీ వద్దని చెప్పు. ఊఁ. వద్దనే చెప్తాండా. తర్వాత చెప్తాలే, ఏడవకుండా చెప్పేది నాకిప్పుడు చేతగాదు," అని పెట్టేసింది.

మేస్త్రికి నేను ఫోన్ చేశాను. సైట్‌లో కాంక్రీట్ మిక్సర్ మోత. "పాస్ అయిందయ్యా!" అని అరిచాను.

"రొట్టెలాయనను ఉంచిన్రా?"

"ఉంచారు. కానీ నీ గొంతు ఉండదు. హైదరాబాద్‌లో వేరేవాళ్ళు చెబుతారు."

"గది ఎర్కనే సారు. నేను సదివింది నాకియ్యున్రి. ఇంటికి పంపుత."

నిబంధనల ప్రకారం ఇవ్వకూడదు. మేనేజర్‌ను అడిగితే, వినపడనట్టు కిటికీలోంచి బజారు చూస్తూ నిలబడ్డాడు. ఆ ఒక్క సీన్, గొంతు మాత్రం, పంపించాను. శుక్రవారం మేస్త్రి వచ్చినప్పుడు, బిడ్డ ఏమన్నదని అడిగాను.

"రెండుమాట్ల ఇన్నదట. ఏడ్సినవా నాయినా అనడిగింది."

"ఏమన్నావు?"

"ఏసీ పడలేదన్న."

సీరియల్ వచ్చాక చూశాను. హైదరాబాద్ కళాకారుడు గట్టివాడు, బాగా చెప్పాడు. కెమెరా వీపు మీదికి వెళ్ళిన చోట ఆయన కూడా ఆగాడు, ఆగాల్సినదానికంటే ఎక్కువ. చివర్లో పేర్లు పడ్డాయి. అందులో మేస్త్రిది ఉండదు, అమెరాత్ రూమ్‌లో నాకు అన్నం పెట్టినవాళ్ళవి ఉండవు. అందుకని ఇక్కడ తలుచుకుంటున్నాను. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు. పత్రికలో పుట్టిన నా తెలుగును వాళ్ళు ఆ కాస్త చివరి రోజుల్లో బాగుచేశారు. ఇంత ఆలస్యంగా బాగుపడే అదృష్టం అందరికీ దక్కదు.

ఇప్పుడు మస్కట్‌లో తెలుగు విభాగం ఆ అమ్మాయి నడుపుతోంది. పోయిన వారం ఫోన్ చేసింది. ఆస్పత్రి కథ ఒకటి వచ్చిందట, స్పెయిన్‌ది. మేనేజర్ యాస సంగతి అడిగాడట.

"ఏం పెట్టావమ్మా?" అన్నాను.

"ఊరందరికీ మా కడపే పెట్టినా సార్. పెద్ద డాక్టరమ్మకు కూడా." నవ్వు ఆపుకుంటూ అంది: "పదారు ఎపిసోడ్లు చూసినా. ఒక్కరు కూడా చావరు."